మసి పూసిన బిళ్లలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తుపాకి ఉండేది. ఈ మాట అన్నానంటే చాలు, మా మనవరాళ్లు నన్ను ఎగాదిగా చూసి నవ్వుతారు. మోకాళ్లకు నూనె రాసుకోవడానికే ఆపసోపాలు పడే ఈవిడ ఇంట్లో తుపాకా అని వాళ్ల వెటకారం. దొంగ తుపాకి కాదే తల్లీ, సర్కారు ముద్ర ఉన్న లైసెన్సు తుపాకి. పెన్‌పహాడ్ అవతల మా ఊరు. యాసంగిలో పల్లి వేసేవాళ్లం. కాయ ఊరే వేళకు అడవి పందులు గుంపుగా దిగి ఒక్క పూటలో మడంతా దున్నిపోసేవి. వాటిని తరమడానికని మా తాతయ్యకు ఆ తుపాకి ఇచ్చారు. ఇప్పుడైతే చేల చుట్టూ పాత చీరలు కడుతున్నారు, మైకులో కుక్కల అరుపులు పెడుతున్నారు. మిర్యాలగూడ నుంచి బస్సులో ఊరికి పోతూ ఆ రంగురంగుల చీరలు చూసినప్పుడల్లా, పందులకు కూడా పెళ్లిచూపులు చేస్తున్నార్రా అనుకుంటాను.

అది సినిమాల్లో చూపించే తుపాకి కాదు. ఒక్కటే గొట్టం. నల్లమందు, దాని మీద ఒక బిళ్ల, ఆపైన సీసపు గుండ్లు, మళ్లీ ఒక బిళ్ల, ఇలా ఒక్కోటీ గొట్టం మూతిలోంచి దింపి ఇనుప కడ్డీతో అదిమి నింపాలి. భర్మారు తుపాకి అనేవాళ్లు. ఒకసారి పేలితే మళ్లీ మొదటి నుంచి అంతా చేసుకోవాల్సిందే. ఆలోగా పంది చేను దాటి వాగు దాటి వాళ్లత్తగారింటికి కూడా పోతుంది. అందుకే మా తాతయ్య ఒక్కసారి నింపితే అది గురిగా పోవాలనేవాడు. మందు ఎంత పోసేవాడో నాకిప్పటికీ గుర్తుంది గాని చెప్పను. మీకెందుకు?

ఆయన పొదుపరి. పిసినారి అని మా నాయనమ్మ అనేది గాని అది నిజం కాదు. లైసెన్సు పుస్తకం పట్టుకుని సూర్యాపేట పోయి మందు కొనేవాడు. దాని దగ్గర మాత్రం బేరమాడేవాడు కాదు. గుండ్లు మాత్రం అన్నిటికంటే చవకవి తెచ్చేవాడు. ఆ చవక గుండ్లలో సగం గుండ్రంగా ఉండవు. కొన్నిటికి తోకలు, కొన్నిటికి సొట్టలు. అవి మా నాయనమ్మ చేతికి వచ్చేవి. ఆమె చాటను కొంచెం వాల్చి గుండ్లను పై నుంచి వదిలేది. గుండ్రటివి గలగలా దొర్లి కింద గిన్నెలో పడేవి, వంకరవి చాటలోనే ఆగిపోయేవి. కందిపప్పులో రాళ్లేరే చేయి కదా, ఒక్కటి తప్పిపోయేది కాదు. "గీ ముసలోని కోసం ఇనుప పప్పు సెరుగుతున్న సూడు" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకునేది. ఇనుము కాదు సీసమే అని తాతయ్య దిద్దితే, "నువ్వు ఉడకబెట్టుకుని తినేటప్పుడు తెలుస్తది తియ్" అనేది.

ఇక బిళ్లలు. ఈ కథంతా వాటి గురించే. మా చేను పక్కనే గొర్ల కాక వాళ్ల దొడ్డి. మాకేమీ చుట్టం కాదు, ఊళ్లో వరసతో కాక, అంటే బాబాయి. నూరు గొర్రెల మంద ఉండేది ఆయనకు. ఆయన కప్పుకుని కప్పుకుని చిరిగిన పాత గొంగడి మా తాతయ్యకు ఇచ్చేవాడు. దాన్ని కమ్మరి చేసిచ్చిన ఇనుప ఉంగరం పెట్టి సుత్తితో కొడితే తుపాకి గొట్టానికి సరిపడా గుండ్రటి బిళ్లలు ఊడి వచ్చేవి. వాటిని ఒక డబ్బాలో పోసి అటక మీద పెట్టేవాడు. గొంగడే ఎందుకు, ఇంట్లో ఇన్ని గోనెసంచులూ పాత ధోవతులూ ఉండగా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నేనూ ఒకసారి అడిగాను. "నువ్వు జర పెద్దగయినంక చెప్త" అన్నాడు. పెద్దయ్యేదాకా ఆగలేదు నేను, అదీ జరిగిన సంగతి.

ఇంకొక మాట చెప్పాలి. తుపాకి ముట్టే ముందు తాతయ్య చుట్ట తీసి మా నాయనమ్మ చేతికి ఇచ్చి దూరంగా పంపేసేవాడు. తిరిగి వచ్చేసరికి ఆమె దాన్ని సగం కాల్చేసి ఉండేది. ఇక నింపడం మొదలుపెట్టాడంటే ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. దేవుడొచ్చి పిలిచినా పలికేవాడు కాదు. ప్రతి బిళ్లనూ వెలుతురుకు పట్టి చూసి, రెండు వేళ్ల మధ్య నలిపి, అప్పుడు లోపలికి దించేవాడు. ఇంత చాదస్తం ఏమిటని నేను విసుక్కునేదాన్ని. ఒకసారి అన్నాడు, "పందికి తగలకపోతె ఏంగాదు బిడ్డా. సుట్టూ మందలున్నయి, మంచెల మీద మనుషులున్నరు. తగలొద్దన్నోళ్లకు తగిలితె ఇగ మనం బతికి ఏం లాభం?"

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. మాఘమాసం ఎండ చురుక్కుమంటోంది. ఇంట్లో ఎవరూ లేని ఒక పొద్దుటిపూట అటకెక్కి ఆ డబ్బా దించాను. బువ్వలాటకు నాకు రొట్టెలు కావాలి. ఆ నల్లటి బిళ్లలు అచ్చం మాడిన జొన్న రొట్టెల్లా ఉన్నాయి మరి. పక్కింటి పిల్లలను పిలిచి విస్తళ్లు వేసి తలా నాలుగు వడ్డించాను. బురదనీళ్ల పులుసు పోశాను. ఆట అయ్యేసరికి రొట్టెలన్నీ పులుసులో నాని, బురద పట్టి, కొన్ని కుక్క నోట్లో పడి, మొత్తానికి డబ్బా ఖాళీ. పిల్లలు తిని చేతులు కడుక్కుని పోయారు. నేను మిగిలాను.

భయమేసింది. మా తాతయ్య కొడతాడని కాదు, ఆయన నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టి ఎరగడు. నా మీద ఆయనకున్న నమ్మకం పోతుందని భయం. ఈ పిల్ల ఏదీ పాడుచేయదు అని అందరి ముందూ చెప్పుకునేవాడు. అందుకని ఆ ఇనుప ఉంగరం తీసి, ఒక గోనెసంచిని నేల మీద పరిచి, సుత్తితో కొట్టుకుంటూ కూర్చున్నాను. బిళ్లలు బాగానే వచ్చాయి గాని గోధుమరంగులో ఉన్నాయి. మసిపూసి మారేడుకాయ చేయడం అంటారే, నేను నిజంగానే మసి పూశాను. రొట్టెల పెనం కిందికి చేయి పెట్టి, మసి గీకి, ఒక్కో బిళ్లకూ రెండు వైపులా రుద్ది, డబ్బాలో పోసి, అటక మీద ఎక్కడిదక్కడ పెట్టేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఛీ, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాలుగు రోజులకు మా మేనత్త మామగారు కోదాడ నుంచి వచ్చాడు. మా తాతయ్యకు వియ్యంకుడు. నేను కోదాడ తాత అనేదాన్ని. తెల్లటి బట్టలు, నున్నటి మాట. ఆయనకూ తుపాకి ఉంది, రెండు గొట్టాలది, దుకాణంలో కొన్న రంగురంగుల తూటాలు వేసుకునేది. భోజనాలయ్యాక మాటల్లో ఈ సంగతి వచ్చింది. "ఏమనుకోకండి బావగారూ, ఈ గొంగళి ముక్కలూ, చాటలో చెరిగిన గుండ్లూ... వీటితో గురి కుదురుతుందంటారా? పెట్టెలో వచ్చే తూటా కొనుక్కుంటే హాయి కదా" అన్నాడు. మా తాతయ్య నవ్వాడు గాని మెడ మీద నరం ఉబ్బింది. మామూలుగా అయితే ఆ మాటను గాలికి వదిలేసేవాడే. ఎదుట ఉన్నది వియ్యంకుడాయె. కూతురినిచ్చిన ఇంటివాడి ముందు మన ఇంటి పనితనం తక్కువైతే ఎట్లా? "పోదాం పా బావా, సూస్తె తెలుస్తది" అని లేచాడు.

పల్లి ఊరే ముందు ప్రతి ఏడూ తాతయ్య ఒకసారి గురి సరిచూసుకునేవాడు. వాగు ఒడ్డున ఎత్తైన మట్టిగట్టు ముందు తాటిమొద్దుకు పాత చాట కట్టి, సున్నంతో గుండ్రంగా బొట్టు పెట్టి, ఏ గుండు ఎక్కడ తగిలిందో లెక్క చూసేవాడు. ఆ రోజూ అట్లాగే కట్టారు. ఊరి జనం పదిమంది పోగయ్యారు. పక్కనే గొర్ల కాక వాళ్ల చొప్పకుప్ప, దాన్నానుకుని ముళ్లకంపతో కట్టిన దొడ్డి. పెద్ద గొర్రెలను కాక మేతకు తోలుకుపోయాడు. ఇరవై దాకా గొర్రెపిల్లలు, ఇంకా పాలు తాగేవి, దొడ్డిలోనే ఉన్నాయి. వాటి అరుపులు వినిపిస్తున్నాయి.

తాతయ్య డబ్బా తెరిచాడు. ఎప్పటిలా వెలుతురుకు పట్టి చూస్తే పట్టుబడిపోతాను. కాని ఆ రోజు ఆయన చూడలేదు. కోదాడ తాత ఒకటే మాటలు, మా తాతయ్య ఒకటే జవాబులు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి, మందు పోస్తూ మాట్లాడాడు, బిళ్ల దించుతూ మాట్లాడాడు. ఆయన వేళ్లకు నల్లగా మసి అంటింది. అది నాకు కనిపించింది. ఆయనకు కనిపించలేదు. తాతా ఆగు అని అరవడానికి నోరు తెరిచాను. ఇంతమంది ముందు, కోదాడ తాత ముందు ఏమని చెప్పను? నోరు మూసుకున్నాను. ఆ నోరు మూసుకున్న క్షణం నాకు మిగతా రోజంతటికంటే స్పష్టంగా గుర్తుంది.

తుపాకి పేలింది. అందరూ చాట దగ్గరికి పరుగెత్తారు. బొట్టులో ఒక్క గుండూ లేదు. సగం చాటకే తగల్లేదు, తగిలినవి అంచుల్లో అక్కడొకటి ఇక్కడొకటి. కోదాడ తాత నవ్వాపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మా తాతయ్య చాటను అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడిపోయాడు. ఎందుకిట్లా అయిందో ఆయనకు అర్థం కాలేదు. అందరం ఆ చాట చుట్టూనే మూగి ఉన్నాం. వెనక ఏమవుతోందో ఎవరూ చూడలేదు.

ముందు మా నాయనమ్మకే వాసన తగిలింది. "అయ్యో, అగ్గి! కాలుతుందయ్యో!" అని ఒక్క కేక పెట్టింది. తిరిగి చూస్తే ఎండుగడ్డి మీదుగా పాకిన మంట కాక వాళ్ల చొప్పకుప్పను అందుకుంది. గాలి అటే వీస్తోంది. చూస్తుండగానే కుప్ప భగ్గుమంది, నిప్పురవ్వలు ముళ్లకంప మీద పడ్డాయి. దొడ్డి వాకిలి మంట వైపే ఉంది. లోపల గొర్రెపిల్లలన్నీ ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. కాక భార్య, నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని, నెత్తిన కొట్టుకుంటూ వాగు వైపు నుంచి పరుగెత్తుకొచ్చింది.

మా తాతయ్య తుపాకిని కింద పడేసి పరుగెత్తాడు. ఆ వయసులో ఆయన అంత వేగంగా పోగలడని నాకు తెలియదు. వెనక వైపు కంపను రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. తుమ్మ ముళ్లు అవి, వేలెడేసి ఉంటాయి. మొదటి గుంజుకు కదల్లేదు. ఒళ్లంతా వేసి మళ్లీ గుంజాడు. సందు పడింది. చిన్నమ్మ అందులోంచి దూరి ఒక్కో పిల్లనూ మెడ పట్టి బయటికి విసురుతుంటే, మేము పిల్లలం పట్టుకుని దూరంగా తోలాం. మగవాళ్లు వాగులోంచి కుండలతో, బిందెలతో నీళ్లు తెచ్చి పోశారు. కోదాడ తాత తెల్లబట్టలతోనే తడి గోనె పట్టుకుని మంటను కొట్టాడు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. పిల్లలన్నీ బతికాయి. కుప్ప మాత్రం బుగ్గి అయిపోయింది. రెండు బర్రెలకూ మందలోని చూడి గొర్రెలకూ ఎండాకాలమంతా వేయాల్సిన మేత అది.

పొద్దుగూకే వేళకు కాక మందతో వచ్చాడు. బూడిద చూశాడు. పిల్లలను ఒక్కోటీ తడిమి లెక్కపెట్టాడు. తరువాత మా తాతయ్య ఎదుట నిలబడి, "గిదేంది పటేలా?" అన్నాడు. అంతే. అరిచినా బాగుండేది. ఆయన ఠాణా మెట్లెక్కితే లైసెన్సు ఖతం, తుపాకి జప్తు, ఆ ఏడు పల్లి మొత్తం పందుల పాలు. అది అక్కడున్న అందరికీ తెలుసు. కోదాడ తాత ముందుకు వచ్చి, "ఇందులో మా బావగారి తప్పేమీ లేదు. ఆ సూర్యాపేట దుకాణం వాడు కల్తీ మందు అంటగట్టి ఉంటాడు" అన్నాడు. మంచి దారి చూపించాడు. ఊళ్లో వాళ్లు కూడా అవునవునన్నారు.

మా తాతయ్య తల అడ్డంగా ఊపాడు. "మందు మంచిదే. దుకాణమోనికి పాపం అంటగట్టొద్దు. నింపింది నేను. సూడకుండ నింపిన, మాట్లాడుకుంట నింపిన. తప్పు నాది తమ్మీ. మా కొట్టంల చొప్పుంది, రేపు పొద్దుగాల బండ్లు కట్టి తోల్త. ఠాణాకు పోతనంటె పో, నేనే నీ వెంట వస్త" అన్నాడు. చేతుల నుంచి నెత్తురు కారుతూనే ఉంది. నేను నాయనమ్మ కొంగు పట్టుకుని వెనక నిలబడ్డాను. నా వైపు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూడకపోవడం వల్లనే నాకు తెలిసిపోయింది, ఈయనకు తెలుసు.

మరునాడు పొద్దున్నే బండ్లలో మా చొప్ప కాక దొడ్డికి పోయింది. కాక ఠాణాకు పోలేదు, మాట కూడా మాట్లాడలేదు. కోదాడ తాత బస్సెక్కాడు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని తాతయ్య అరచేతుల్లోంచి సూదితో ముళ్లు తీసింది. చూపు ఆనక రెండింటికి ఒకటి వదిలేస్తుంటే, సూది నాకిచ్చింది. చిన్నపిల్ల కళ్లు కదా, బాగా కనిపించేవి. ఆయన అరచెయ్యి నా ఒళ్లో పెట్టుకుని ఒక్కో ముల్లూ తీశాను. లోతుగా దిగిన చోట కూడా అబ్బా అనేవాడు కాదు. పైగా నాకు ఊరి కబుర్లు చెప్పాడు, గొర్రెపిల్ల ఒకటి నా లంగా కొరికిందని నవ్వాడు. బిళ్లల ఊసు ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు. అన్నం కలిపి నోట్లో పెడితే తిన్నాడు, రెండో ముద్ద నాకే పెట్టుకోమన్నాడు.

సాయంత్రం వాకిట్లో ఒక పెంకు తెచ్చి పెట్టమన్నాడు. నిప్పు కణిక తెమ్మన్నాడు. డబ్బాలోంచి ఒక బిళ్ల తీశాడు. ఇంకొకటి తన భుజం మీద గొంగడి అంచు నుంచి అప్పటికప్పుడు నాయనమ్మతో కత్తిరింపించాడు. రెండింటినీ పెంకు మీద పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా నిప్పు తాకించమన్నాడు నాతో. గొంగడిది ముడుచుకుని, వెంట్రుకలు కాలిన కంపు కొట్టి, కణిక తీయగానే ఆరిపోయింది. నేను చేసిన గోనె బిళ్లకు మంటే రాలేదు. ఎర్రగా ఒక మూల అంటుకుని, నెమ్మదిగా, చప్పుడు లేకుండా, లోలోపల పాకుతూ పోయింది. నేను ఊదలేదు, ఎవరూ ఊదలేదు. అది అట్లాగే కాలుతూ ఉంది. పైన పూసిన మసి రాలిపోయి కింద గోధుమరంగు నార బయటపడింది.

అప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. రొట్టెలాట నుంచి పెనం మసి దాకా, నోరు తెరిచి మూసుకున్న దాకా, అంతా చెప్పేశాను. వెక్కిళ్లలో సగం మాటలు ఆయనకు అర్థమయ్యాయో లేదో. కట్టు కట్టిన చేత్తో నా తల నిమిరాడు. "నాకు నిన్ననే ఎర్క బిడ్డా. గుండ్లతోని ఎగిరిపడ్డ బిళ్ల సగం కాలి గడ్డిల దొరికింది. గోనె బిగువుగ కూసోదు, గందుకే గుండ్లు సెదిరినయి" అన్నాడు.

"మరి నన్నెందుకు అడగలే?" అన్నాను.

"అడిగితె భయానికి చెప్తవు. గట్ల చెప్పినది నాకెందుకు? నీ అంతల నువ్వు చెప్తె అది నీకు ఉంటది."

తప్పు ఎవరిదని మళ్లీ ఆయనే అడిగాడు. నాదే అన్నాను. ఒప్పుకోలేదు. మార్చింది నువ్వు, మార్చి చెప్పలేదు, అది నీది. కాని గొట్టంలోకి దించిన చెయ్యి నాది, దించే ముందు చూడాల్సిన కన్ను నాది, వియ్యంకుని ముందు గొప్పకు పోయిన బుద్ధి నాది, లెక్క చూసుకో ఎవరిది ఎక్కువో అన్నాడు. నీతో పోటీ ఎందుకు గాని నాదే ఎక్కువ అని నవ్వాడు. "ఒక్క పని మిగిలింది. కాకకు నేను నా తప్పు చెప్పిన. నీది నేను చెప్పరాదు గద" అన్నాడు.

వెంట రమ్మంటే రాలేదు. ఒక్కదాన్నే పోయాను. మా ఇంటికీ వాళ్ల గుడిసెకూ మధ్య ఎంత దూరం, రెండు మళ్లు. ఆ రెండు మళ్లు నేను నడిచినట్టు సూర్యాపేట దాకా కూడా ఎప్పుడూ నడవలేదు. కాక మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. చెప్పాను. చిన్నమ్మ విని ఇంతెత్తున లేచింది. "నీ రొట్టెలు పాడుగాను! నా పిల్లలన్నీ మాడి సచ్చేటియి గదనే! గంత మసి ఎట్ల పూసినవే, నీ మొఖానికి పూసుకోరాదు?" అని చీపురు కూడా అందుకుంది. న్యాయమే కదా, నేను కదల్లేదు. తిట్టి తిట్టి, నా మొహం చూసి, చీపురు పడేసి తానే ఏడ్చింది. కాక మాత్రం తాడు పక్కన పెట్టి లేచాడు. లోపలికి పోయి ఒక గొంగడి తెచ్చాడు. చిరిగినది కాదు, ఆ చలికాలమే కొత్తగా కప్పుకున్నది. దాని కొస కత్తెరతో కోసి నా చేతిలో పెట్టాడు. "మీ తాత చేతులు మానేదాంక బిళ్లలు నువ్వే కొట్టు. పందులు ఆగయి గద" అన్నాడు.

నేనే కొట్టాను. తాతయ్య పక్కన కూర్చుని ఒక్కోటీ వెలుతురుకు పట్టి చూశాడు, నేను కొట్టినవాటిలో మూడు తీసి పారేశాడు. ఆ ఏడు పల్లి ఇంటికొచ్చింది.

తరువాత నా చదువూ, పెళ్లీ, నౌకరీ. నర్సునయ్యాను. నింపే పనే దొరికింది నాకు కూడా, సూది మందు నింపే పని. సీసా మీద రాత మూడుసార్లు చదివేదాన్ని, వెలుతురుకు పట్టి చూసేదాన్ని, నింపేటప్పుడు ఎవరైనా పలకరిస్తే కసిరేదాన్ని. కోదాడ వైపు నుంచి వచ్చిన చిన్న నర్సులు, అమ్మో ఈవిడ చాదస్తం అని నా వెనక నవ్వుకునేవారు. నవ్వుకోండి, నాకేం పోయింది.

అంత చాదస్తంలోనూ ఒక రోజు తప్పింది. జ్వరాల కాలం, వార్డు కిటకిటలాడుతోంది. ఒక కొత్త పిల్ల నింపి పెట్టిన సూదిని, అడగకుండా, చూడకుండా, తీసి ఒక చిన్నబాబుకు ఇచ్చేశాను. ఇవ్వాల్సిన మందు కాదది. బాబు ఒళ్లు చల్లబడింది. దేవుడి దయ, డాక్టరు పక్కనే ఉన్నాడు, పొద్దుటికి కోలుకున్నాడు. ఎవరు చేశారని ఆసుపత్రి పెద్దాయన అడిగితే, ఇచ్చింది నేను, చూడకుండా ఇచ్చాను అని చెప్పాను. ఆ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఆమెకు కూడా అదే చెప్పాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను. ఆ కొత్త పిల్ల గోడవారన నిలబడి అంతా వింటోంది. నేను ఆమె వైపు చూడలేదు.

రెండు రోజులు ఆమె నోరు విప్పలేదు. నా పక్కనే పని చేస్తోంది, నా కళ్లలోకి చూడటం లేదు. ఏమే, నువ్వే కదా నింపింది అని అడగడానికి మాట ఎన్నిసార్లు నా నాలుక కొసదాకా వచ్చిందో! అడిగేస్తే నాకు హాయిగా ఉంటుంది. పళ్లు బిగబట్టుకుని ఆ పిల్లతో సినిమా కబుర్లు చెప్పాను, నా డబ్బాలోని పులిహోర పెట్టాను. మూడో రోజు సాయంత్రం డ్యూటీ దిగుతుంటే వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని భోరుమంది.

ఆమెను దగ్గరికి తీసుకున్నాను గాని, నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను ఏడ్చింది ఆమె కోసం కాదు. అరచేతుల నిండా ముళ్లు పెట్టుకుని, తన లైసెన్సు పోతుందో లేదో తెలియక, ఆ ముళ్లు తీస్తున్న పిల్లనే ఒక్క మాట కూడా అడగకుండా పగలంతా కబుర్లు చెప్పిన మనిషి కోసం. ఆయనకు ముళ్లకంటే ఆ అడగకుండా ఆపుకోవడమే ఎక్కువ నొప్పి పెట్టి ఉంటుంది. నేను ఆ సంగతి ఆయనను ఎప్పుడూ అడగలేదు.